ఓచరు లేని ఖర్చు

సహకార శాఖలో ఆడిటరుగా పనిచేసి రిటైరైన మనిషిని. నేను తనిఖీకి వస్తున్నానంటే కృష్ణా జిల్లాలో పాల సంఘాల కార్యదర్శులు ముందురోజే చిట్టా ఆవర్జాలు బూజు దులిపి సిద్ధంగా కూర్చునేవాళ్ళు. ఏడు రూపాయల టీ ఖర్చుకు ఓచరు లేదని ఒక సంఘం మీద అభ్యంతరం రాసిన ఘనుణ్ణి. అంతటివాణ్ణి, సీసా మీద మెదడు బొమ్మ కనబడితే చాలు, ఆధారం అడగకుండా, అడగాలని కూడా తోచకుండా, లోపల ఉన్నది నోట్లో వేసుకున్నాను. ఒకటా రెండా! వంటింట్లో పోపులడబ్బా పక్కన చోటు చాలక మా ఆవిడ వాటికోసం విడిగా ఒక ప్లాస్టిక్ బుట్ట కొనిపెట్టింది.

ఇదంతా మొదలైంది గుడివాడలో ఒక పెళ్ళి దగ్గర. నాతో చాలా ఏళ్ళు పనిచేసినతను ఎదురొచ్చి, “గుర్తుపట్టారా సార్?” అన్నాడు. మొహం తెలుసు, సంతకం తెలుసు, టీఏ బిల్లుల్లో అతని చేతివాటం కూడా తెలుసు. పేరు మాత్రం రాలేదు. “నిన్నెలా మరిచిపోతానయ్యా” అని భుజం తట్టి, గుత్తివంకాయ నుంచి పెరుగన్నం దాకా ఆ పేరే వెతుక్కుంటూ భోజనం చేశాను. తిరుగు ప్రయాణంలో బస్సు కంకిపాడు దాటాక తట్టింది.

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. నేను ఊరుకోలేకపోవడానికి కారణం మా అమ్మ. ఆఖరి రోజుల్లో ఆవిడ నన్ను తన తమ్ముడనుకుని, “ఒరే, నాన్న కోప్పడతారు, ఇంటికెళ్ళు” అనేది. నేను ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి. అది చూసినవాడికి ఒక పేరు గుర్తు రాకపోతే చిన్న సంగతిగా అనిపించదు. వయసు మీద పడ్డాక పేరు ఆలస్యంగా తట్టడం మామూలే. తర్వాత దానంతటది గుర్తొచ్చిందంటే కంగారు పడక్కర్లేదు. ఏ డాక్టరైనా చెప్పే మాటే ఇది. డాక్టర్ని అడిగితే గదా!

అడగలేదు. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపితే చూశాను. నిద్రపోయేటప్పుడు మెదడు తనను తాను కడుక్కుంటుందట. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం 2013లో చేసిన ప్రయోగం అది. నిద్రలో మెదడు కణాల మధ్య సందులు వెడల్పవుతాయనీ, ద్రవం ఎక్కువగా పారి, అల్జీమర్స్ జబ్బుతో ముడిపడిన బీటా అమిలాయిడ్ లాంటి వ్యర్థాలను తోసుకుపోతుందనీ వాళ్ళు చూపించారు. చూపించింది ఎలుకల్లో. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు కూడా ఎలుకల్లోనే చూసి, నిద్రలో ఈ ఊడ్పు పెరగకపోగా తగ్గుతోందన్నారు. శాస్త్రవేత్తల మధ్య ఆ వాదన నడుస్తూనే ఉంది. నేను మాత్రం వీడియో చూసిన రాత్రే తేల్చేసుకున్నాను: నిద్ర పట్టని ప్రతి గంటా నా తలలో చెత్త పేరుకుంటోంది. అంతవరకు పదింటికి నడుం వాలిస్తే ఐదింటికి లేచేవాణ్ణి. ఇక నిద్ర నాకు డ్యూటీ అయింది. డ్యూటీలో నిద్రపోయే అలవాటు సర్వీసంతటిలోనూ లేదాయె!

మొదటి సీసా ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఏకాగ్రతకు, జ్ఞాపకశక్తికి అని రాసుంది. పొద్దున ఒక గొట్టం మాత్ర, సాయంత్రం ఒకటి. వేసుకున్న గంటకల్లా బుర్ర తేటపడేది. పేపర్లో సుడోకు గడగడా నింపి మా ఆవిడకు చూపించేవాణ్ణి. రాత్రి పన్నెండైనా కన్ను మూతపడేది కాదు. సీసా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న సంగతి చాలా ఆలస్యంగా చదివాను. ఒక్కో గొట్టంలో వంద మిల్లీగ్రాముల కెఫీన్! ఒక గట్టి ఫిల్టరు కాఫీ అన్నమాట. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. మనకు నిద్రమత్తు తెచ్చేది అదే. కెఫీన్ వెళ్ళి దాని చోటు ఆక్రమించి దాన్ని పని చేయనివ్వదు. పుచ్చుకున్న కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నేనేమో సాయంత్రం ఐదింటికి కాఫీ తాగి, దాని వెంటే ఈ గొట్టం వేసేవాణ్ణి. “సాయంత్రం కాఫీ మానేయండి, నిద్ర అదే పడుతుంది” అంది మా ఆవిడ. ఆవిడ సలహాకు ఎమ్మార్పీ లేదు గనక చెవికెక్కలేదు.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. “ఇక్కడ అందరూ మెలటోనిన్ వేసుకుంటారు నాన్నా, అసలది మందే కాదు, సరుకుల షాపులో దొరుకుతుంది” అన్నాడు వాడు. తెలిసినవాళ్ళెవరో వస్తుంటే బాదంపప్పులతో, చాక్లెట్లతో పాటు ఆ డబ్బా దిగింది. ఎర్రగా, తియ్యగా, జీడిపాకంలా సాగే గమ్మీలు. పది మిల్లీగ్రాములవి.

మెలటోనిన్‌ను 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల మెదళ్ళలోని పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన వెతికింది నిద్ర కోసం కాదు, చర్మం రంగు మారే జబ్బులకు ఏమైనా పనికొస్తుందేమోనని. చీకటి పడ్డాక అది ఒంట్లో ఊరుతుంది. కళ్ళలో వెలుతురు పడితే ఊరడం తగ్గిపోతుంది. రాత్రయిందని ఒంటికి కబురు చెప్పడం దాని పని గానీ జోకొట్టి పడుకోబెట్టడం కాదు. దేశాలు దాటి వచ్చినవాళ్ళకు వేళలు సరిపడడానికి అది బాగానే పనికొస్తుంది. నేను విజయవాడ సత్యనారాయణపురం దాటితే గదా! మోతాదు సంగతి ఇంకా నవ్వులాట. ఎంఐటీలో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం వయసు మళ్ళినవాళ్ళ మీద పరీక్షించి, 0.3 మిల్లీగ్రాము చాలునని 2001లో తేల్చింది. నేను పది మింగాను. అదీ మంచం మీద పడుకుని, ఫోన్ వెలుతురు కళ్ళలోకి కొట్టించుకుంటూ. రెండింటికి మెలకువ వస్తే ఇంకొకటి. మర్నాడు మధ్యాహ్నం దాకా తల దిమ్ము. ఆ దిమ్ము వదలడానికి మెదడు గొట్టం, ఆ గొట్టం పోగొట్టిన నిద్ర కోసం మళ్ళీ ఈ గమ్మీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చిన్నప్పటి నుంచీ వింటున్న సామెతే. అది నా గురించేనని అప్పట్లో తట్టలేదు.

ఆ పదైనా నిజంగా పదేనా? 2023లో అమెరికా పరిశోధకులు 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే, 22 రకాల్లో లేబుల్ మీద రాసిందానికీ లోపలి సరుకుకీ పొంతన లేదు. రాసినదానిలో 74 శాతం మొదలు 347 శాతం దాకా ఉంది. ఒకదాంట్లో మెలటోనిన్ బొత్తిగా లేదు. అక్కడి 1994 చట్టం ప్రకారం ఇవన్నీ ఆహార పూరకాల కింద లెక్క. పనిచేస్తుందని అమ్మకానికి ముందు ప్రభుత్వానికి రుజువు చూపనక్కర్లేదు. స్టాకు రిజిస్టరుకీ గోడౌనుకీ ఇంత తేడా వస్తే నేను కార్యదర్శిని సస్పెండు చేయించేవాణ్ణి. ఇక్కడ మాత్రం “అమెరికా సరుకు” అని ఇరుగుపొరుగులకు చూపించుకున్నాను.

జ్ఞాపకశక్తికని అమ్మే జెల్లీ చేప మాత్రలు అబ్బాయి తనంతట పంపలేదు. నేనే పట్టుబట్టి తెప్పించుకున్నాను. శుద్ధ శాకాహారిని, లోపల ఉన్నది చేప కాదు, ప్రయోగశాలలో తయారైన ప్రొటీను మాత్రమేనని మా ఆవిడకు సర్దిచెప్పి మరీ మింగాను. ఆ ప్రొటీను పేరు ఎక్వోరిన్. పసిఫిక్ తీరంలో దొరికే ఒక జెల్లీ చేపలో ఒసాము షిమొమురా 1962లో కనిపెట్టాడు. అదే చేపలోని పచ్చగా మెరిసే మరో ప్రొటీనుకు ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. నోబెల్ వచ్చింది మెరుపుకి, జ్ఞాపకశక్తికి కాదు. అసలు నోట్లో వేసుకున్న ప్రొటీను ఏదైనా కడుపులోకి వెళ్ళాక కందిపప్పులాగే అరిగిపోవాలి. కందిపప్పు తిన్నందుకు నాకెప్పుడూ పేర్లు గుర్తుకు రాలేదే! అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనూ, న్యూయార్క్ అటార్నీ జనరలూ 2017లోనే ఆ మాత్రలు అమ్మే కంపెనీ మీద దావా వేశారు. కంపెనీ తానే చేయించిన పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా తేలలేదు. అప్పుడు ఆ గుంపును చిన్న చిన్న ముక్కలు చేసి, 30కి పైగా లెక్కలు వేసి, కలిసొచ్చిన ఒకటి రెండింటిని ప్రకటనల్లో వాడుకున్నారని అభియోగం. జ్ఞాపకశక్తి పెంచుతుందని ఇక చెప్పకూడదని 2024 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. సంఘం మొత్తం నష్టాల్లో ఉంటే గడ్డి అమ్మకం పద్దు ఒక్కటీ చూపించి లాభమని రాసిన కార్యదర్శిని నేను చూశాను. వాణ్ణి పట్టుకున్నాను కూడా. ఈ మాత్రలకు మాత్రం నా పెన్షన్లోంచే చెల్లించాను.

జింకో ఆకు మాత్రల మీద ఎక్కువ చెప్పను. 75 ఏళ్ళు, ఆపైన వయసున్న 3,069 మందికి ఆరేళ్ళు ఇచ్చి చూసి, మతిమరుపు జబ్బును అది ఆపడం లేదని 2008లోనే ప్రకటించారు. నేను కొన్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు.

మన మందుల దగ్గరికొస్తే నా మూర్ఖత్వం ఇంకో రకం. మనదైతే హాని చేయదని గుడ్డి నమ్మకం. పక్కవీధి పిన్నిగారు పెరట్లోంచి సరస్వతి ఆకు కోసిస్తే మా ఆవిడ పచ్చడి చేసింది. రుచిగానే ఉంది, ఆ పచ్చడి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆకుతో ఆగక బ్రాహ్మీ గొట్టాలు కూడా కొన్నాను. బ్రాహ్మి అని ఉత్తరాదిన కొందరు పిలిచేది మన సరస్వతి ఆకునే. కేరళలో ఆ పేరు నీటి ఒడ్డున పాకే వేరే మొక్కది. నా సీసాలో ఏది ఉందో నేను చూసుకోలేదు. పెన్నేరుగడ్డ పొడి రాత్రి పాలలో కలుపుకున్నాను. అదే పెన్నేరు అశ్వగంధ అన్న పేరుతో ఇంకో రెండు సీసాల్లో ఉందని గమనించలేదు. అశ్వగంధ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. నా కాలేయానికి ఏమీ కాలేదు. అది నా తెలివి కాదు, దాని మంచితనం.

కరెంటు పట్టీ సంగతి రాయాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నుదుటికి కట్టుకునే పట్టీ. దానికి రెండు స్పాంజి ముక్కలు, వాటిని ఉప్పునీళ్ళలో తడిపి అతికించుకోవాలి. లోపల బ్యాటరీ. ఒకటో రెండో మిల్లీ ఆంపియర్ల కరెంటు మెదడుకు పోయి ఏకాగ్రత పెంచుతుందని ప్రకటన. తలకు కరెంటు పెట్టించుకునే సరదా పాతదే. రోమ్‌లో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పి ఉన్నవాళ్ళ నుదుటికి షాక్ కొట్టే చేపను ఆనించమని ఒకటో శతాబ్దంలోనే రాశాడు. పరిశోధనశాలల్లో దిగులు జబ్బుకి, పక్షవాతానికి ఈ పద్ధతిని పద్ధతిగా పరీక్షిస్తున్నారు, అది వేరు. ఇంట్లో సొంతంగా వాడుకునేవాళ్ళను హెచ్చరిస్తూ 2016లో 39 మంది పరిశోధకులు బహిరంగ లేఖ రాశారు. ఎంతసేపు, ఎక్కడ, ఎవరికి అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందనీ, ఒక సామర్థ్యం పెరిగితే ఇంకొకటి తగ్గవచ్చనీ అందులో సారాంశం. పైగా ఆ కరెంటులో చాలా భాగం తలచర్మం మీదుగానే దాటిపోతుంది. నేను హాల్లో సోఫాలో కూర్చుని, పట్టీ బిగించుకుని, ఉప్పునీళ్ళు ముక్కు మీదుగా కారుతుంటే సుడోకు చేసేవాణ్ణి. నుదుటి మీద స్పాంజి ఆకారంలో ఎర్రటి చారిక పడింది. పాలవాడు చూసి, “గుడికెళ్ళొచ్చారా బాబాయిగారూ?” అన్నాడు. అవునన్నాను.

నిద్రకు మార్కులేసే గడియారం కూడా కొన్నాను. పొద్దున్నే లేచి బాగా పడుకున్నాననుకుంటే అది 58 చూపించేది. వెంటనే నీరసం. ఇలా గడియారం చూసుకుని నిద్ర చెడగొట్టుకునేవాళ్ళ కోసం అమెరికా డాక్టర్లు 2017లో ఒక జబ్బు పేరే పెట్టారని తర్వాత తెలిసింది.

అప్పుడు కాళ్ళు మొదలుపెట్టాయి. అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిరి. చెప్పులు జారిపోయినా తెలిసేది కాదు. స్నానం చేసేటప్పుడు కళ్ళు మూసుకుని తలమీద చెంబుడు నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు పక్కకు తూలేది. రెండోచేత్తో గోడ పట్టుకునేవాణ్ణి. ఇక్కడే నా బుద్ధి పరాకాష్ఠకు చేరింది. నరాల బలహీనత అని నాకు నేనే తేల్చుకుని, మెడికల్ షాపులో నరాల బలానికి మాత్రలు అడిగి, బుట్టలో వాటినీ చేర్చాను. అమెరికా నుంచి పెద్ద బి కాంప్లెక్స్ డబ్బా కూడా తెప్పించాను. తిమ్మిరి ఇంకా పైకి పాకింది.

మా చెల్లెలి కూతురు నరాల డాక్టరు. సంక్రాంతికి వచ్చి, నేను మెట్లు దిగే తీరు చూసి కూర్చోబెట్టింది. శృతిదండం మోగించి బొటనవేలి మీద ఆనించి, “ఆగిపోయినప్పుడు చెప్పు మావయ్యా” అంది. నాకది మోగుతున్నట్టే తెలియలేదు. షుగరు పరీక్ష, థైరాయిడ్, బి12 అన్నీ చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. “ఏమేం వాడుతున్నావు?” అని అడిగింది. బీపీ మాత్ర ఒక్కటే అన్నాను. నిజంగానే మిగతావి నా దృష్టిలో మందులు కావు. మా ఆవిడ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

పిల్ల ఒక్కో సీసా తిప్పి వెనక చదివింది. క్యాలెండరు కాగితం వెనకవైపు నా ముందుకు తోసి, పెన్నిచ్చి, “బి6 పద్దు ఒక్కటీ నువ్వే కూడు, ఆడిటరువి గదా” అంది. బి కాంప్లెక్సులో 100. ఇందాక చెప్పడం మరిచిన మెగ్నీషియం మాత్రల్లో, రోజుకు రెండు గనక, 50. మెదడు గొట్టాల్లో 20. గమ్మీల్లో 10. నరాల బలం మాత్రలో 3. గీత గీసి కూడాను. 183 మిల్లీగ్రాములు. నా వయసు మగవాడికి రోజుకు కావలసింది 1.7. అమెరికా వాళ్ళు 100 దాటకూడదంటారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన గీతను 12కి దించింది. బి6 తక్కువైతే నరాలు దెబ్బతింటాయి, ఎక్కువైనా అవే నరాలు దెబ్బతింటాయి. రోజుకు రెండు నుంచి ఆరు గ్రాములు మింగి నడక తడబడిన ఏడుగురి గురించి 1983లోనే అమెరికా డాక్టర్లు రాశారు. అంతకంటే తక్కువ మోతాదే ఎక్కువకాలం వాడినా కొందరికి వస్తుందని ఆ తర్వాత తెలిసింది. రాత్రుళ్ళు నాకు రంగురంగుల కలలు రావడానికి కూడా అది కారణం కావచ్చంది పిల్ల. ఆ కలల్లో ఎవరో నా రికార్డులు తనిఖీ చేస్తుండేవారు.

సర్వీసులో నేను రాసిన అభ్యంతరాల్లో నూటికి తొంభై ఒకే రకం: ఒకే ఖర్చు రెండు మూడు పద్దుల కింద రాసి ఉండటం. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం. నా ఒంట్లోనే ఐదు పద్దుల కింద పడుతున్న ఖర్చు నాకు కనబడలేదు. ఎందుకు కనబడలేదో కూడా నాకు తెలుసు. లెక్క చూస్తే ఆపేయాల్సి వస్తుంది, ఆపేస్తే అమ్మలా అవుతానేమోనని భయం. ఆ భయానికి ఓచరు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పిల్ల అన్నీ ఆపించింది. నిద్రకు మందు రాయలేదు, షెడ్యూలు రాసింది. మధ్యాహ్నం కునుకు రద్దు. పన్నెండు కొట్టేదాకా మంచమెక్కకూడదు. ఎప్పుడు నిద్రపట్టినా ఐదున్నరకు లేవాలి. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి ఇంకో గదిలో కూర్చోవాలి. గడియారం బీరువాలో పెట్టాలి. కుదిరేకొద్దీ పడుకునే వేళ పావుగంట చొప్పున ముందుకు జరపాలి. ఇది కొత్త వింతేమీ కాదు, 1970ల నుంచీ 80ల నుంచీ ఉన్న పద్ధతులే. పాతుకుపోయిన నిద్రలేమికి మాత్రల కన్నా ముందు దీన్నే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో చెప్పింది. చెప్పినంత సుఖం కాదు. మొదట్లో అర్ధరాత్రి ముందుగదిలో చీకట్లో కూర్చుంటే, మంచినీళ్ళకు లేచిన మా ఆవిడ, “ఏవండీ, దయ్యంలా ఏమిటా కూర్చోవడం?” అని హడలిపోయింది. తర్వాత తర్వాత దారికొచ్చింది. ఇప్పుడు పదకొండింటికి పడుకుంటున్నాను. మధ్యలో ఒకసారి మెలకువ వస్తుంది, రానిస్తున్నాను. కాళ్ళ తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టింది. ఎడమకాలి బొటనవేలు దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. పేర్లు అప్పుడూ మరిచిపోయేవాణ్ణి, ఇప్పుడూ మరిచిపోతున్నాను. “పేరు జ్ఞాపకం రావడం లేదు నాయనా” అని మొహమాటం లేకుండా అడిగేస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి సీసాలు ఉండే ఉంటాయి. మన దేశంలో నిబంధనల ప్రకారం ఆరోగ్య పూరకాల మీద, మందుగా వాడటానికి కాదని అచ్చు వేయాలి; మీ సీసా మీద ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి. బి6ను పిరిడాక్సిన్ అని కూడా రాస్తారు. రెండు పేర్లూ చూసి, అన్ని సీసాల్లోదీ కలిపి కూడండి. ఏమేం వాడుతున్నారని డాక్టరు అడిగితే బీపీ మాత్ర ఒక్కటే చెప్పి ఊరుకోకండి. పొడులు, లేహ్యాలు, పిల్లలు పంపిన డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళయితే జింకో సంగతి ముందే చెప్పండి. రెండూ కలిస్తే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.